అధికారం మీద ప్రయోగం, అనుమతి కోసం 169 రోజులు: నా అనుభవం

ఆగస్టు 19న ఎథిక్స్ కమిటీ (మనుషులతో చేసే ప్రయోగాలను ముందే పరిశీలించి అనుమతిచ్చే కమిటీ) ఆఫీసులో ఫైలు ఇచ్చాను. ఫిబ్రవరి 4న అనుమతి ఉత్తరం చేతికొచ్చింది. మధ్యలో 169 రోజులు. అధికారం, సామాజిక పాత్రల మీద ప్రయోగం చేయాలనుకునే స్కాలర్లు నాలాగే "ఒక నెల చాలు" అని లెక్కేసుకుని థీసిస్ క్యాలెండరు గీసుకుంటారు. వాళ్ళకు పనికొస్తుందని ఏ రోజు ఏం జరిగిందో రాస్తున్నాను.

ముందు ప్రయోగం ఏమిటో చెప్పాలి. ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు డిగ్రీ విద్యార్థులు ఒక గదిలోకి వస్తారు. పది నిమిషాల ప్రశ్నావళి నింపుతారు. "మీలో నాయకత్వ లక్షణాలు ఎక్కువ ఉన్నవాళ్ళను సూపర్‌వైజరుగా తీసుకున్నాం" అని చెబుతాం. అసలు సంగతేమిటంటే ఆ ఎంపిక చీటీ తీసి చేసిందే. మిగతా ఇద్దరూ వర్కర్లు. వాళ్ళు అచ్చుతప్పులున్న పేజీలు దిద్దితే సూపర్‌వైజరు చూసి మార్కులు వేయాలి, పక్కన నాలుగు మాటలు రాయాలి, తప్పు కనబడితే పేజీకి పది రూపాయల దాకా కోత పెట్టొచ్చు. రోజుకు గంట చొప్పున మూడు రోజులు. చీటీలో దక్కిన కుర్చీ మూడో రోజుకల్లా ఎదుటివాళ్ళ పనిని మన కళ్ళలో ఎంత చిన్నది చేస్తుందన్నది నా ప్రశ్న.

1972లో మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కిప్నిస్ ఇలాంటిదే చేశారు. మేనేజర్ల స్థానంలో కూర్చోబెట్టిన విద్యార్థుల్లో కొందరికి జీతం పెంచే, కోసే, పనిలోంచి తీసేసే అధికారం ఇచ్చారు. ఆ అధికారం ఉన్నవాళ్ళు వర్కర్ల పనిని తక్కువ చేసి చూశారు. అయితే ఆయన ప్రయోగంలో వర్కర్లు నిజంగా లేరు. వాళ్ళు చేసినట్టు చూపించిన పనంతా ముందే తయారుచేసి పెట్టింది. నేను ఆ కుర్చీల్లో నిజం మనుషుల్ని కూర్చోబెడుతున్నాను. ఆ తేడా బరువెంతో ఫైలు ఇచ్చిన రోజు నాకు తెలియదు.

కాగితాల సంగతి. సాఫ్ట్ కాపీ ఒకటి, హార్డ్ కాపీలు 12, ఒక్కోటి 46 పేజీలు. జిరాక్సు, స్పైరల్ బైండింగ్ కలిపి రూ. 1,032. సమ్మతి పత్రాన్ని తెలుగులోకి నేనే చేసుకున్నా, ఇంగ్లీషు మూలం చూడని మనిషి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి చేయించాలి. తొమ్మిది పేజీలకు రూ. 2,250 అయింది. రెండు రోజుల్లో ఫైలు వెనక్కొచ్చింది. కారణాలు రెండు. సమ్మతి పత్రం ప్రతి పేజీ అడుగున వెర్షన్ నంబరు, తేదీ లేవు. గైడు సంతకం చేయాల్సిన డిక్లరేషన్‌లో తేదీ లేదు. వెర్షన్ నంబరు దగ్గర నాకు చిరాకేసింది. తర్వాత అర్థమైంది: ఆరు నెలల్లో ఆ పత్రం నాలుగుసార్లు మారింది, పాత కాగితం ఒక్కటి పార్టిసిపెంటు చేతిలో పడినా అతను ఒప్పుకున్నది వేరే ప్రయోగానికి అవుతుంది. గైడు ఊళ్ళో లేకపోవడంతో మళ్ళీ ఇచ్చేసరికి ఆగస్టు 29 అయింది. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది, మీటింగుకు మూడు వారాల ముందే ఫైలు చేరాలి. సెప్టెంబరు 12 మీటింగుకు గడువు ఆగస్టు 22. ఒక్క తేదీ వేయనందుకు రెండు నెలలు పోయాయి.

అప్లికేషనులో సమీక్ష ఏ రకమో టిక్కు పెట్టే చోటుంది. నేను త్వరగా తేలేదానికి పెట్టాను. ఆఫీసులో దాన్ని పెన్సిలుతో కొట్టేసి ఫుల్ కమిటీకి మార్చారు. పార్టిసిపెంట్లకు అబద్ధం చెప్పే ప్రయోగాన్ని ఇద్దరు సభ్యులు ఇంట్లో కూర్చుని చదివి తేల్చరు. ఆ గడిలో మొదటే నిజం రాసుకోండి.

సెప్టెంబరు, అక్టోబరు ఊరికే గడిచాయి. ఆ రెండు నెలల్లో నాకు బాగా గుర్తున్నది నిద్ర పట్టకపోవడం. సెమిస్టరు పరీక్షలు ఎప్పుడు పడతాయో, అనుమతి వచ్చేనాటికి క్యాంపస్‌లో పిల్లలు ఉంటారో లేదో అన్నదే ధ్యాస. అనుమతి రాకముందే "ఊరికే అభ్యాసం కోసం" ఇద్దరు ముగ్గుర్ని కూర్చోబెట్టి చూద్దామన్న ఆలోచనా వచ్చింది. చేయలేదు. చేసి ఉంటే ఆ ఒక్క కారణంతో మొత్తం థీసిస్ పోయేది.

నవంబరు 14. రెండున్నరకు రమ్మన్నారు, నాలుగూ పదికి పిలిచారు. తొమ్మిది మంది కూర్చున్నారు. అధ్యక్షులు బయటి సంస్థ వ్యక్తి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం అధ్యక్ష స్థానంలో కమిటీ ఉన్న సంస్థ మనిషే ఉండకూడదు. ఒక న్యాయవాది, ఒక సోషియాలజీ ప్రొఫెసరు, ఇద్దరు డాక్టర్లు, మామూలు పౌరుల తరఫున కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ ఉన్నారు. మిగతావాళ్ళు మా క్యాంపస్ వాళ్ళే.

నేను స్టాన్‌ఫర్డ్ గురించి అడుగుతారని సిద్ధమై వెళ్ళాను. 1971 ఆగస్టులో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ జింబార్డో ఆ విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఉత్తుత్తి జైలు కట్టారు. రోజుకు 15 డాలర్లిస్తామని ప్రకటన వేసి, వచ్చినవాళ్ళలో 24 మంది కుర్రాళ్ళను ఎంచి ఖైదీలు, గార్డులుగా విడగొట్టారు. రెండు వారాలు అనుకున్నది ఆరు రోజులకే ఆపాల్సి వచ్చింది. "నా ప్రయోగంలో జైలు లేదు, యూనిఫాం లేదు, కరెంటు షాకుల యంత్రం లేదు" అని స్లైడు పెట్టాను. న్యాయవాది గారు ఆ స్లైడు దగ్గరే ఆపారు. స్టాన్‌ఫర్డ్ కుర్రాళ్ళు సంతకం పెట్టిన సమ్మతి పత్రంలో ఏముందో తెలుసా అని అడిగారు. తెలుసు. పూర్తి కాలం ఉండాలని ఉంది. వైద్య సలహాదారులు సరేనన్న ఆరోగ్య కారణాలకో, లేదంటే జింబార్డో సబబని భావించిన కారణాలకో మాత్రమే వదులుతారని ఉంది. ఆ జింబార్డోయే జైలు సూపరింటెండెంటు పాత్రలోనూ ఉన్నారు. 8612 నంబరు ఖైదీ ఇక నా వల్ల కాదన్నప్పుడు, లోపలి కబుర్లు మోస్తే గార్డులు నీ జోలికి రారని ఆయన బేరం పెట్టారు. ఆ కుర్రాడు తిరిగి వెళ్ళి, ఇక్కణ్ణించి ఎవరూ బయటపడలేరని మిగతా ఖైదీలకు చెప్పాడు. అతన్ని వదిలేటప్పటికి సుమారు 36 గంటలే అయింది, అయినా ఆ మాట జైలంతా పాకిపోయింది. ఆ ప్రయోగానికీ విశ్వవిద్యాలయం కమిటీ అనుమతి ఉంది.

"మరి మీ గదిలో జింబార్డో ఎవరు?" అన్నారు న్యాయవాది గారు.

నేనే. గది నడిపేది నేనే, డేటా కావాల్సిందీ నాకే, ఎవరైనా వెళ్తానంటే సరేననాల్సిందీ నేనే. 46 పేజీలు రాసినప్పుడు ఈ మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయని గమనించలేదు.

ఆ తర్వాత టీచరమ్మ 17వ పేజీ తీశారు. గదిలో ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో రాసుకున్న పేజీ అది. నేను రాసిన వాక్యం పైకి చదివారు: "ఎవరైనా మధ్యలో వెళ్తామంటే, 'కొంచెం ఓపిక పట్టండి, ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది' అని చెప్పాలి." కళ్ళజోడు తీసి, "బాబూ, నువ్వు ఇంత మర్యాదగా చెప్పాక లేచి వెళ్ళే పిల్ల ఒక్కతైనా ఉంటుందా?" అన్నారు.

మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని నేను మూడేళ్ళు చదువుకున్నాను. యేల్ విశ్వవిద్యాలయంలో 1961లో మొదలైంది. అవతలి గదిలోని మనిషి తప్పు చెప్పినప్పుడల్లా, ప్రయోగం నడిపేవాళ్ళు చెప్పారని షాకు పెంచుకుంటూ పోతారా అన్నది చూశారు; షాకులు నిజం కావు, ఆ సంగతి పార్టిసిపెంటుకు తెలియదు. 1963లో అచ్చయిన మొదటి వ్యాసంలో 40 మందిలో 26 మంది చివరి 450 వోల్టుల మీట దాకా వెళ్ళారు. అక్కడ ఎవరూ ఎవర్నీ బెదిరించలేదు. పార్టిసిపెంటు తటపటాయిస్తే చెప్పడానికి నాలుగు వాక్యాలు ముందే రాసిపెట్టుకున్నారు. మొదటిది దయచేసి కొనసాగించమని, ఆఖరిది నీకు వేరే దారి లేదు, కొనసాగించాల్సిందేనని. నా 17వ పేజీలో ఉన్నది ఆ మొదటి వాక్యమే, మన తెలుగు మర్యాదతో. గట్టిగా చెబితే ఎదురుతిరిగేవాళ్ళు కూడా "ఓపిక పట్టండి" అంటే మొహమాటానికి కూర్చుండిపోతారు. నాకు నోట మాట రాలేదు. ఆ వాక్యం కొట్టేస్తానని మాత్రం చెప్పగలిగాను.

నవంబరు 27న ఉత్తరం వచ్చింది. 11 ప్రశ్నలు. అన్నీ ఇక్కడ రాయను, నన్ను ఎక్కువ పని చేయించినవి చెబుతాను.

మా డిపార్ట్‌మెంటు పిల్లల్ని తీసుకోవద్దన్నారు. నేను వారానికి రెండు క్లాసులు చెబుతాను, గైడు చేతిలో ఇంటర్నల్ మార్కులుంటాయి. "సార్ వాళ్ళ ప్రయోగమట, వెళ్ళకపోతే బాగుండదు" అని వచ్చే పిల్లాడు గదిలో అడుగుపెట్టకముందే వర్కరు పాత్రలో ఉన్నాడు. ఇది న్యాయమైన షరతు, డేటాకూ మంచిది. వేరే డిపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల్లో పోస్టర్లు పెట్టాను. పోస్టరు మాటలకు కూడా కమిటీ ముద్ర కావాలి.

డబ్బు కోత తీసేయమన్నారు. సూపర్‌వైజరు కాగితం మీద కోత రాయొచ్చు గానీ చివర్లో ముగ్గురికీ తలా రూ. 300 ఒకేలా ఇవ్వాలి, మధ్యలో లేచి వెళ్ళినా మొత్తం ఇవ్వాలి. సూపర్‌వైజరుకు ఇచ్చే సూచనలు అక్షరం మార్చకుండా చదవాలి, రికార్డు చేయాలి అన్నారు. దీని వెనకా స్టాన్‌ఫర్డే ఉంది. గార్డులు తమంతట తామే క్రూరంగా మారారని దశాబ్దాలు పాఠాలు చెప్పుకున్నాం. మెతగ్గా ఉన్న ఒక గార్డును గట్టిగా ఉండమని ప్రయోగం నడిపేవాళ్ళే ఒత్తిడి చేసిన రికార్డింగు ఆ విశ్వవిద్యాలయం ఆర్కైవులోనే ఉంది. పాత్ర మనిషిని మార్చిందా, మనం చెప్పింది చేశాడా అన్నది తేలాలంటే ఏం చెప్పామో అక్షరాలా ఉండాలి.

మూడు రోజుల్ని ఒక్క సిట్టింగుకు, 50 నిమిషాలకు కుదించమన్నది నన్ను నిజంగా బాధపెట్టింది. మూడో రోజు ఏమవుతుందన్నదే కదా నా ప్రశ్న. వాదిస్తూ నాలుగు పేజీల జవాబు రాశాను. గైడు పక్కన పెట్టించి, జెర్రీ బర్గర్ 2009 వ్యాసం మళ్ళీ చదవమన్నారు. బర్గర్ మిల్‌గ్రామ్ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తూ 150 వోల్టుల దగ్గర ఆపేశారు. అవతలి గదిలోని మనిషి మొదటిసారి నన్ను వదిలేయమని అరిచేది అక్కడే. మిల్‌గ్రామ్ పార్టిసిపెంట్లలో ఆ మీట దాటినవాళ్ళలో 79 శాతం మంది చివరిదాకా వెళ్ళారు గనక, అక్కడ ఆపినా తెలుసుకోవాల్సింది చాలావరకు తెలుస్తుంది. నేనూ అలా వెతికాను. మొదటి గంటలోనే పది పది నిమిషాలకు అంచనాలు తీసుకుంటే దిగజారే తీరు కనబడుతుంది. పోయింది లేకపోలేదు. కానీ మూడు రోజుల పద్ధతిలో ఒక అమ్మాయి తనకు పడిన చెడు మాటల్ని రెండు రాత్రులు హాస్టలు గదికి మోసుకెళ్తుంది, నిజం మూడో రోజు సాయంత్రానికి గానీ తెలియదు. ఆ రెండు రాత్రులకు నా దగ్గర జవాబు లేదు.

ఇక ఆపే అధికారం. గదిలో ఒక పర్యవేక్షకురాలు (సూపర్‌వైజరు పాత్ర కాదు, ప్రయోగాన్నే కనిపెట్టి చూసే మనిషి) ఉండాలి, నా వ్యాసాల్లో ఆమెకు పేరు ఉండకూడదు, ఆమె బెల్లు నొక్కితే నేను ప్రశ్నించకుండా ఆపాలి. అలెక్స్ హాస్లమ్, స్టీఫెన్ రైకర్ 2001 డిసెంబరులో బీబీసీ కోసం చేసిన జైలు అధ్యయనంలో ఇలాంటి ఏర్పాటు ఉంది. క్లినికల్ సైకాలజిస్టులు కనిపెట్టుకుని ఉన్నారు, ఎప్పుడైనా ఆపించగల స్వతంత్ర కమిటీ అక్కడే ఉంది, అధ్యయనం ఎనిమిదో రోజుతో ముగిసింది. నేను కౌన్సెలింగ్‌లో డిప్లొమా ఉన్న ఒకావిడను సిట్టింగుకు రూ. 200 చొప్పున మాట్లాడుకున్నాను.

సమ్మతి పత్రం భాష మార్చమన్నది టీచరమ్మ ప్రశ్నే అయ్యుంటుంది. నేను "పాల్గొనువారికి ఏ సమయమునందైనను వైదొలగు హక్కు కలదు" అని రాశాను. ముగ్గురు ఫస్టియర్ పిల్లలకు చదవనిచ్చి ఏం అర్థమైందో చెప్పమన్నాను. ఇద్దరు "అయిపోయేదాకా ఉండాలి" అన్నారు. కొత్త వాక్యాలు ఇవి: "మధ్యలో ఎప్పుడైనా 'నేను ఆపేస్తున్నా' అనొచ్చు. ఎందుకో చెప్పక్కర్లేదు. డబ్బులు మొత్తం ఇస్తాం. మీ మార్కులకు, హాజరుకు దీనితో సంబంధం లేదు. కొన్ని విషయాలు ముందు చెప్పం, అయిపోయిన వెంటనే అదే గదిలో చెబుతాం. అవి విన్నాక మీ కాగితాలు వాడొద్దంటే వాడం." తిరిగి ఇంగ్లీషులోకి చేయించడానికి మళ్ళీ రూ. 500.

డిసెంబరు 20న జవాబులిచ్చాను. జనవరి 23 మీటింగుకు నన్ను పిలవలేదు. ఫిబ్రవరి 4న ఉత్తరం: ఏడాది అనుమతి, ముందు ఐదు గ్రూపులతో పైలట్ (చిన్న ట్రయల్), ఇబ్బంది ఏది జరిగినా ఏడు రోజుల్లో రిపోర్టు, ఒక్క వాక్యం మార్చినా ముందు తెలపాలి.

పైలట్ ఫిబ్రవరి 17న మొదలైంది. రెండో గ్రూపులో సూపర్‌వైజరుగా కూర్చున్న అబ్బాయి మొదటి రెండు పేజీల మీద "బాగుంది, ఇంకొంచెం చూడండి" అని రాశాడు. మూడో పేజీకి "చూడండి" పోయి "చూడు" వచ్చింది. ఐదో పేజీ మీద "ఇంత చిన్న తప్పు కూడా కనబడదా నీకు" అని రాసి అడుగున గీత గీశాడు. ఆ కాగితం అందుకున్న అమ్మాయి ఏమీ అనలేదు. పెన్ను మూత పెట్టి, బల్ల మీద అడ్డంగా ఉంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పక్క గదిలో స్క్రీను మీద చూస్తున్నాను. 22వ నిమిషం. తర్వాత ఏం చేస్తుందో చూద్దామన్నదే నా మనసులో ఉంది, డేటాలో ఆ క్షణం ఎంత విలువైందో అనిపించింది. బెల్లు మోగింది. పర్యవేక్షకురాలు నొక్కింది. నా ప్రోటోకాల్ ప్రకారం "ఆపేస్తున్నా" అని నోటితో చెబితేనే ఆపాలి. ఆమె దానికోసం ఆగలేదు, మంచి పని చేసింది. ఆ కొన్ని సెకన్లలో నా మనసెటు పోయిందో ఇప్పటికీ మింగుడుపడదు.

ఏడు రోజుల్లో ఇవ్వాల్సిన రిపోర్టు మర్నాడే ఇచ్చాను. రెండు నిమిషాలు పని ఆగినా, పెన్ను పక్కన పెట్టినా, కళ్ళు తుడుచుకున్నా, తలుపు వైపు చూస్తూ ఉండిపోయినా ఆపాలన్నది ప్రోటోకాల్‌లో చేరింది. ప్రతి బల్ల మీద ఒక ఎర్ర కార్డు పెట్టాం, మాట్లాడక్కర్లేదు, తిప్పి పెడితే చాలు. ఈ సవరణకు 11 రోజులు ఆగాను.

అన్నిటికన్నా కష్టం నిజం చెప్పే ఘట్టం. వర్కర్ల సంగతే ఆలోచించాను, సూపర్‌వైజర్ల సంగతి ఆలోచించలేదు. మొదటి గ్రూపులో ముగ్గురికీ కలిపి చెప్పాను, అది తప్పు. చీటీలో ఎంపికయ్యావని తోటివాళ్ళ ముందు తెలిసిన అబ్బాయి "అంటే నాలో అలాంటిదేం లేదన్నమాట" అన్నాడు. ఆ తర్వాత సూపర్‌వైజరుకు విడిగా ముందు చెప్పాం, ముగ్గురూ సరేనంటేనే కలిపి కూర్చోబెట్టాం. "ఫలితం అబద్ధం" అని ఒక్క మాటతో వదిలేస్తే చాలదని లీ రాస్, మార్క్ లెపర్, మైకేల్ హబ్బర్డ్ 1975లోనే చూపించారు. తప్పుడు ఫలితమని చెప్పాక కూడా మనుషులు దాన్నిబట్టే తమను అంచనా వేసుకుంటూ ఉంటారు. ఆ నమ్మకం ఎందుకు అంటుకుని ఉండిపోతుందో విడమరిచి చెబితే చాలావరకు పోతుంది. అందుకని చీటీల కవరు అలాగే ఉంచి వాళ్ళ చేతే తెరిపించాను. మూడు చీటీలు, ఒకదాని మీద "సూ" అన్న అక్షరం. అది చూశాక ముఖంలో బిగువు సడలేది. ఘాటుగా రాసినవాళ్ళకు, ఆ కుర్చీలో కూర్చున్న చాలామంది అలాగే రాస్తారని, దాన్ని చూడటానికే ఈ ఏర్పాటని చెప్పేవాళ్ళం. మనిషికి 25 నిమిషాలు. ప్రయోగం 50 నిమిషాలైతే ఈ మాటలకు గంటకు పైనే పట్టేది. హాలు బుక్ చేసుకునేటప్పుడు ఇది కలిపి లెక్కేసుకోండి.

అసలు సిట్టింగులు మార్చి 3 నుంచి 28 దాకా, 24 గ్రూపులు. పార్టిసిపెంట్లకు రూ. 21,600, పైలట్‌కు రూ. 4,500, పర్యవేక్షకురాలికి పైలట్‌తో కలిపి రూ. 5,800. ఉచితంగా ఏర్పాటు చేసిన కౌన్సెలరు దగ్గరికి ఇద్దరు వెళ్ళారు, ఇద్దరూ సూపర్‌వైజర్లుగా కూర్చున్నవాళ్ళే.

ఒక చిక్కు ముందు తట్టలేదు. నిజం తెలిశాక తమ కాగితాలు వాడొద్దని ముగ్గురు చెప్పారు, మూడు వేర్వేరు గ్రూపుల వాళ్ళు. ముగ్గురి మధ్య నడిచే ప్రయోగంలో ఒకరు తప్పుకుంటే మిగతా ఇద్దరి డేటా కూడా పనికిరాదు. 20 గ్రూపులు కావాల్సిన చోట 24 పెట్టుకోబట్టి 21 మిగిలాయి.

ఏప్రిల్ 17న ముగింపు రిపోర్టుతో పాటు ఆ మూడు గ్రూపుల కవర్లు ఆఫీసులో ముక్కలు చేయించాం, వీడియోలు తుడిచేశాం. పర్యవేక్షకురాలు చూసి సంతకం పెట్టింది. వద్దన్నవాళ్ళ ఫారాల్లో "కారణం, చెప్పాలనుకుంటేనే" అని ఒక గడి ఉంటుంది. మూడింటిలోనూ అది ఖాళీగా ఉంది. ఫోన్ నంబర్లు అదే పేజీలో పైన ఉన్నాయి. ఒక్కసారి అడిగి చూస్తే వ్యాసానికి పనికొస్తుందని గైడు అన్నారు. కారణం అడగబోమని మనమే రాసిచ్చాం సార్ అని చెప్పి, ఆ మూడు ఫారాలు ఫైల్లో పెట్టేశాను.